పందొమ్మిది రోజులు బాకీ

ఎనభై తొమ్మిది రోజులకి తీసుకున్నారు నన్ను.
తొంభయ్యో రోజు సెలవు.
తొంభై ఒకటో రోజు మళ్లీ కొత్తదాన్ని.
అలా ఏడుసార్లు కొత్తగా చేరాను
షీలానగర్ కంటైనర్ యార్డులో, రెండో నంబరు కాటా మీద.

అయినా కాగితంలో ఉంది:
మానేసేవాళ్లు ముప్పై రోజుల ముందు చెప్పాలి.
ఎనభై తొమ్మిది రోజుల మనిషి
ముప్పై రోజుల ముందు.
లెక్క చూసుకుంటే
కుర్చీలో కూచున్న వెంటనే మొదలెట్టాలేమో చెప్పడం.

నేను చెప్పి ఇవాళ్టికి పదకొండు రోజులు.
ఇవాళ ఆదివారం.
పరవాడ ల్యాబు వాళ్లు సోమవారం రమ్మన్నారు,
మంగళవారమైతే వేరే అమ్మాయి ఉందని
చాలా మర్యాదగా.

కాటా గదికి ఒకటే కిటికీ.
అందులో ఒక లారీ ముందు చక్రం, చారెడు ఆకాశం,
గాలి ఇటు తిరిగితే రేవు మీంచి వచ్చే నల్లటి పొడి.
ఇంటికెళ్లి ముక్కు చీదితే
యార్డు బయటికొచ్చేది.

నిండుబండి బరువు, ఖాళీబండి బరువు,
మధ్యలో ఉన్నదే సరుకు.
దగ్గర దగ్గర రెండేళ్లు
ఈ ఒక్క తీసివేతే చేశాను.

ధర్మారావు గారు కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి
"పందొమ్మిది రోజులది కట్ అవుతుంది మరి" అన్నారు.
తలూపాను.
"సర్టిఫికెట్టూ లేటే."
తలూపాను.
"నీ చోట ఎవరున్నారమ్మా?" అన్నారు చివరికి,
అందులో మాత్రం కోపం లేదు.

ఎవరున్నారో నాకు తెలుసు.
రాత్రి షిఫ్టు అసిరయ్య.
కుడికంట్లో శుక్లం. ఎర్ర అంకెల్లో
మూడూ ఆరూ ఎనిమిదీ అతనికి ఒక తల్లి పిల్లలే.
షిఫ్టు మారాక అరగంట ఎక్కువుండి
పెద్ద బళ్లన్నీ నేనే కొట్టేసి పోయేదాన్ని.
ఆపరేషన్ వచ్చే నెల నాలుగున.
నా నోటీసు సరిగ్గా మూడుకి అయిపోయేది.
అప్పటిదాకా ఉంటానన్నాను.
కాగితం లేదు దానికి,
ఓసారి టీ తాగుతూ అన్నాను.

విషయం చెప్తే నవ్వాడు.
"ఎల్లిపో గుంటా, బేగెల్లిపో.
బండి కాటా మీదే ఉండిపోతే ఎనకాలోళ్లు హారన్లు కొట్టీరా?
అంకె డ్రైవర్లే సెప్తార్లే.
అబద్ధమాడ్డానికి ఆళ్లకి బయం,
నాకు కనబడదని ఆళ్లకి తెల్దు కదేటి."

సాయంత్రం ఆరింటికి, బళ్లు లేని పది నిమిషాల్లో
చెప్పులు విప్పి కాటా ఎక్కాను.
ఎందుకు విప్పానో తెలీదు.
ఇనుము ఇంకా వేడిగానే ఉంది.
లోపల్నించి అసిరయ్య అరిచాడు: "ఎనభై!"
బ్యాగు తీసి గట్టు మీద పెట్టాను.
టిఫిన్ డబ్బా, గొడుగు, నీళ్ల సీసా,
గదిలోంచి తెచ్చేసుకున్న చిన్న అద్దం.
"ఎనభై!"

ఇరవై కిలోలకో మెట్టు ఈ కాటాకి.
ఆ లోపల ఏం తెచ్చావో, ఏం పట్టుకుపోతున్నావో
పట్టించుకోదు.
పుట్టి బుద్ధెరిగాక యాభై ఎనిమిది దాటలేదు నేను.
అది ఆరు అని
అతనికి చెప్పలేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు
కార్డుని కత్తెరతో కత్తిరించాడు,
సరిగ్గా నా మెడ దగ్గర.
"సారీ అక్కా, రూలు" అని
తల ఉన్న ముక్క నాకే ఇచ్చాడు.

ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఫోన్ కదిలింది.
అసిరయ్య. మాట లేదు, ఒక ఫోటో.
ఎవరి చేతనో తీయించాడు, చెయ్యి వణికింది,
చీకట్లో ఎర్రగా అలికినట్టు ఒక బరువు.
నిలబడ్డ చోట రాడ్డు వదిలేసి
రెండు వేళ్లతో సాగదీసి చూశాను.

మూడు, అని పంపాను.

మర్రిపాలెం దాటాక
మళ్లీ తీసి చూశాను.